మానిన పుండు, మానని రోగము

బొగ్గుబాయి, బొంబాయి, దుబాయి అను మాట తెలంగాణములో పుట్టి చాలకాలమైనది. మెదకు నుండి ఎల్లారెడ్డికి పోవు బాటలో, నాగిరెడ్డిపేట మండలమున, నిజాము ప్రభుత్వము వాగునకు అడ్డుకట్ట వేయించి 1922 నాటికి పూర్తిచేసిన పోచారము చెరువు క్రింద వేల ఎకరముల మాగాణి సాగగుచున్నను, ఆ ఆయకట్టు రైతుల కుమారులలో సైతము ఎందరో 1970ల తరువాత ఆ మాటలోని మూడవ ఊరి దారి పట్టినవారే. పోనివారిలో కొందరు కామారెడ్డి మీదుగా సాగు 44వ జాతీయ రహదారిపై లారీలు నడుపుకొని బ్రతుకువారు. గల్ఫు దేశమునకు పోదలచిన ప్రతి కూలియు విమానమెక్కుటకు ముందు, హైదరాబాదు వంటి నగరములోని ఆమోదిత కేంద్రమునకు పోయి ‘మెడికల్’ చేయించుకొనవలెను. అచట ఎక్స్‌రే తీయుదురు. నెత్తురు తీసి హెచ్.ఐ.వి.కి, కాలేయమును చెరచు కామెర్ల వైరసులకు, వానితోపాటు సవాయి (సిఫిలిస్) రోగమునకును పరీక్ష చేయుదురు. అప్పు తెచ్చి ఏజెంటుకు పైకము కట్టి, పెట్టె సర్దుకొని కూర్చున్న యువకునికి ఒకనాడు ‘అన్‌ఫిట్’ అని వ్రాసిన కాగితము చేతికి వచ్చును. ఒంటిమీద పుండు లేదు, నొప్పి లేదు, జ్వరము లేదు. తనకు రోగమెట్లు వచ్చినదో, ఎప్పుడు వచ్చినదో అతనికి బోధపడదు.

అట్టి కాగితము చేతబట్టుకొన్నవానికి దాని యర్థమును విప్పి చెప్పువారు తరచుగా దొరకరు. ఏజెంటు విసుగుకొనును, ఇంటిలో చెప్పుటకు నోరు రాదు, మిత్రునితో చెప్పిన ఊరంతయు పొక్కునని భయము. ఆ కాగితము తెలుపుచున్నది రోగము దేహములో నేటికిని దాగియున్నదను సంగతి కావచ్చును. లేక ఎన్నడో వచ్చి మందుతో పూర్తిగా కుదిరిన రోగము నెత్తుటిలో తన గురుతును విడిచిపోయినదను సంగతియు కావచ్చును. లైంగిక సంపర్కము వలన పురుషులకు సోకు బాక్టీరియా రోగములలో కంటికి కనబడునదొకటి, లోపల నున్నదింకొకటి. నొప్పి తగ్గినంత మాత్రమున రోగము పోయినట్లు కాదు. పరీక్షలో గురుతు కనబడినంత మాత్రమున రోగమున్నట్లును కాదు. ఈ భేదము తెలియకపోవుట వలన చెడిన ఆరోగ్యములు, చెదరిన కాపురములు లెక్కకు రావు. ఈ విషయమును సిగ్గు విడిచి సాధ్యమైనంత తేటగా చెప్పబూనుటకు అదియే కారణము.

ఈ రోగములు ఏ ఒక్క ప్రాంతమునకు, ఏ ఒక్క వృత్తికి చెందినవి కావు. 15 మొదలు 49 ఏండ్ల లోపు వారిలో 2020వ సంవత్సరమున ప్రపంచమంతట, మందుతో కుదురగల నాలుగు సుఖవ్యాధులు కలిసి 37 కోట్ల 40 లక్షల మారులు కొత్తగా సోకియుండునని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా వేసినది. అందు క్లమీడియా 12 కోట్ల 90 లక్షలు, సెగరోగము (గనోరియా) 8 కోట్ల 20 లక్షలు, సవాయి 71 లక్షలు. ఇల్లు విడిచి నెలల తరబడి దూరముననుండు పురుషుడు ఎక్కువగా లోబడవచ్చునన్నది నిజమే; కాని అది అతని స్వభావదోషము కాదు, అతడు బ్రతుకవలసివచ్చిన తీరు. భార్యాబిడ్డలను వెంటబెట్టుకొని పోవుటకు వీలులేని కొలువులకు మన పల్లెల యువకులను పంపుచు, తిరిగివచ్చిన తరువాత వారిని వేలెత్తి చూపుట న్యాయము కాదు.

పురుషుని వెంటనే వైద్యునికడకు తరుమునది సెగరోగము. సంపర్కమైన రెండవ నాటినుండి ఏడవ నాటిలోగా, మూత్రము పోయునప్పుడు నిప్పు తగిలినట్లు మంట పుట్టును. తరువాత ఒకటి రెండు దినములలో చిక్కని పసుపుపచ్చని చీము కారి లోదుస్తులకు మరకలు చేయును. ఈ చీమును ధాతువు పోవుచున్నదని తలంచి, బలము తగ్గుచున్నదని బెంగపడి, గోడలమీద ప్రకటనలు వ్రాయించుకొన్న గుప్తరోగ వైద్యునికడ లేహ్యములు కొని తిను యువకులు నేటికిని గలరు. ఇంద్రియము వేరు, చీము వేరు. చీములో నున్నది రోగక్రిములతో పోరి చచ్చిన తెల్లరక్తకణములు. ఆ చీమును చిన్న గాజుపలకపై పూసి, ఆరబెట్టి, 1884లో డెన్మార్కు వైద్యుడు గ్రామ్ కనిపెట్టిన పద్ధతిలో రంగులువేసి సూక్ష్మదర్శినిక్రింద పెట్టినయెడల, చీముకణముల కడుపులో గులాబీరంగున, చదునుప్రక్కలు ఎదురెదురుగా పెట్టిన కందిబద్దల జతలవలె, రెండేసి చొప్పున క్రిములు కనబడును. 1879లో జర్మను వైద్యుడు ఆల్బర్ట్ నైసర్ మొదట చూచినవి ఇవియే. ఈ పరీక్షకు గొప్ప యంత్రములు అక్కరలేదు. చీము కారుచున్న పురుషుని విషయములో ఆ పలకను ఓర్పుతో చూచు లాబ్ టెక్నీషియను ఒకడున్న చాలును.

క్లమీడియా ఇట్లు బయటపడదు. ఈ క్రిమి మన కణముల లోపల దూరి అచటనే వృద్ధిపొందునది గనుక, పైన చెప్పిన రంగులకు చిక్కదు. ఒకటి మొదలు మూడు వారముల తరువాత నీళ్లవంటి పలుచని స్రావము కొద్దిగా కనబడవచ్చును, మూత్రనాళములో దురదయో చిరుమంటయో ఉండవచ్చును. సుమారు సగముమంది పురుషులలో అదియు ఉండదు. సెగరోగము గలవానిలో ఇదికూడ జంటగా నుండుట సాధారణము. కావుననే, చీముకారు రోగికి రెండింటికిని సరిపడునట్లు ఒకేసారి మందులిచ్చుట వైద్యులకు వాడుక. దీనిని నిశ్చయముగా పట్టుకొనుటకు, రెండు గంటలసేపు మూత్రము పోయక ఆపి, తరువాత వచ్చు మొదటి ధారను సీసాలో పట్టి, క్రిమి జన్యుపదార్థమును వెదకు పరీక్ష చేయింపవలెను. మైకోప్లాస్మా జెనిటేలియం అను మరియొక క్రిమి గలదు. దానికి కణకవచమే లేదు. కణకవచమును బ్రద్దలుకొట్టుటయే పనిగాగల పెన్సిలిన్ జాతి మందులు దానిమీద పనిచేయవు. మందు వాడినను మంట తగ్గని రోగిలో వైద్యుడు మొదట తలచుకొనవలసిన క్రిములలో ఇదియొకటి.

పల్లెలో ఈ రోగమునకు మొదటి వైద్యశాల బస్టాండు ప్రక్కనున్న మెడికల్ షాపే. అచట చీకటిపడువేళ, తక్కిన బేరగాండ్రు పోవుదాక ఆగి, కౌంటరు మీదికి వంగి, “అన్నా, ఒంటికి పోతే మంట లేస్తున్నది, ఏదన్న గోలి ఉంటె ఇయ్యి” అని గొంతు తగ్గించి అడుగు యువకునికి, “వేడి చేసినట్టుంది, నీళ్లు బాగ తాగు” అని చెప్పి దుకాణదారు నాలుగు సిప్రోఫ్లాక్సాసిన్ మాత్రలు కాగితములో చుట్టియిచ్చును. అడుగువాడు దుర్మార్గుడు కాడు, ఇచ్చువాడును దుర్మార్గుడు కాడు. ఇద్దరికిని తెలియనిది ఒక్కటే. సెగక్రిమికి సిప్రోఫ్లాక్సాసిన్ అనగా మన దేశములో భయము పోయి చాల ఏండ్లైనది. మొదట సల్ఫా మందులను, పిమ్మట పెన్సిలిన్‌ను, పిమ్మట టెట్రాసైక్లిన్‌ను, పిమ్మట సిప్రోఫ్లాక్సాసిన్‌ను ఈ క్రిమి ఒకదాని వెంట నొకదానిని జయించుచు వచ్చినది. పెన్సిలిన్‌ను ముక్కలుచేయు ఎంజైమును సంపాదించుకొన్న సెగక్రిములు 1976లో బయటపడెను. నేడు నమ్మదగి మిగిలినది సెఫ్‌ట్రయాక్సోన్ ఇంజెక్షను, కొంతవరకు దాని జాతికే చెందిన సెఫిక్సిమ్ మాత్ర. పనిచేయని మందు మ్రింగినవానికి సైతము కొన్నిదినములలో మంట కొంత తగ్గవచ్చును. రోగము తీవ్రత తగ్గుటయు దేహస్వభావమే. అతడు కుదిరినదనుకొని ఇల్లు చేరును. క్రిమి మూత్రనాళపు మొదటిభాగము విడిచి వెనుకకు పాకును.

వెనుకకు పాకిన క్రిమి చేయు హానియే అసలు హాని. వృషణమునకు వెనుక నంటియున్న ఎపిడిడిమిస్ అను మెలికల గొట్టము వాచి, బీజము ఎఱ్ఱబడి, చేయి సోకనీయని నొప్పి పుట్టును. రెండు వైపులను అట్లు జరిగి మచ్చకట్టినయెడల వీర్యకణములకు దారి మూసికొని సంతానము కలుగకపోవచ్చును. మూత్రనాళమునందలి మచ్చలు ఏండ్లు గడచినకొలది బిగిసి, ధార సన్నగిల్లి, నడివయస్సులో మూత్రము నిలిచిపోవు దశవచ్చును. పెన్సిలిన్‌కు ముందటి కాలములో ఇట్టి రోగులకు లోహపు కడ్డీలను దూర్చి నాళమును వెడల్పు చేయుట ఆసుపత్రులలో నిత్యకృత్యము. కొందరిలో మోకాళ్లు, మడమలు వాచును. కీళ్లనొప్పికి మందు వాడుచున్నవానికి ఆరువారముల క్రిందటి మంట జ్ఞాపకమురాదు, అడిగినగాని చెప్పడు. భార్యకు సోకిన రోగము మరింత మౌనముగా సాగును. ఆమె గర్భాశయమునకు, అండవాహికలకు ప్రాకి, పొత్తికడుపునొప్పిగా మొదలై, వాహికలు మూసికొనిపోయి, పిల్లలు కలుగకపోవుటతోనో, గర్భము వాహికలోనే నిలిచి ప్రాణముమీదికి వచ్చుటతోనో బయటపడును. అప్పుడు గొడ్రాలను మాట పడునది ఆమె, మ్రొక్కులు మ్రొక్కునది ఆమె, రెండవ పెండ్లి మాట వినవలసినది ఆమె. ఒక సారి మూత్రపరీక్ష చేయించుకొనుటకు సిగ్గుపడిన పురుషుని సిగ్గునకు ఇంత మూల్యము మరియొకరు చెల్లించుట ఏ ధర్మముచొప్పునను సమ్మతము కాదు.

ఇక సవాయి. దీనిని కలిగించు ట్రెపొనీమా అను మెలితిరిగిన సన్నని క్రిమిని 1905లో జర్మనులు షౌడిన్, హాఫ్‌మన్ కనుగొనిరి. సంపర్కమైన తొమ్మిదవ నాటినుండి తొంబదియవ నాటిలోపల ఎప్పుడైనను, సగటున మూడువారములకు, క్రిమి ప్రవేశించినచోట ఒక పుండు లేచును. ఇది ఒంటరిగా, గుండ్రముగా, అడుగు గట్టిగా, అంచు తీర్చినట్లుండును, నొప్పి యుండదు. గజ్జలలో బిళ్ళలు గట్టిపడును, అవియు నొప్పిపెట్టవు. నొప్పిలేని పుండును గూర్చి ఎవడును సెలవుపెట్టి ఆసుపత్రికి పోడు. పురుషాంగముమీద లేచిన కనబడునుగాని, మలద్వారములోనో నోటిలోనో లేచిన కనబడనే కనబడదు. పురుషులతో సంపర్కముగల పురుషులు ఈ కారణముననే ఏ బాధయు లేకున్నను అప్పుడప్పుడు పరీక్ష చేయించుకొనవలెనని వైద్యులు చెప్పుదురు, వారిని ఆదరముతో చూడవలసిన బాధ్యతయు వైద్యులదే. మూడు మొదలు ఆరు వారములలో ఏ మందు లేకున్నను ఆ పుండు దానంతటదియే మానిపోవును. పసరు పూసినవాడు పసరువలన మానినదనును, ఆర్.ఎం.పి. ఇచ్చిన పూతమందు పూసికొన్నవాడు దాని మహిమయనును. మొక్కినవాడు దేవుని దయయనును. చర్మము మానినది, క్రిమి నెత్తుటిలో చేరినది.

మరికొన్ని వారములకు ఒంటినిండ రాగిరంగు మచ్చలు పొడచూపును. తక్కిన దద్దురులకు లేని ఒక గురుతు వీనికి గలదు. అరచేతులలోను, అరికాళ్లలోను సైతము ఇవి లేచును, సాధారణముగా దురద పెట్టవు. నోటిలో తెల్లని పొక్కులు, తలవెండ్రుకలు పురుగు కొరికినట్లు అక్కడక్కడ రాలుట, ఒళ్లునొప్పులు, కొద్దిపాటి జ్వరము వచ్చును. ఎండలో పనిచేయువాడు ఎండపొక్కులనుకొనును. ఇవియు వాటంతటవే పోవును. ఆపైన రోగము గుప్తావస్థలో ప్రవేశించి, ఏండ్ల తరబడి నెత్తుటిపరీక్షకు తప్ప మరి దేనికిని అందక యుండును. మందులేని పురుషులలో కొందరికి పది మొదలు ముప్పది ఏండ్లకు గుండెనుండి బయలుదేరు మహాధమని ఉబ్బును, వెన్నుపాము చెడి నడక తప్పును, మతిభ్రమ కలుగును. కంటికిని చెవికిని హాని మరింత ముందుగనే రావచ్చును. గర్భిణికి ఈ రోగమున్న, గర్భములోనే శిశువు మరణించుటయో రోగముతో పుట్టుటయో జరుగును. ఆరోగ్యకేంద్రములో గర్భిణికి మొదటనే చేయు నెత్తుటిపరీక్షలో సవాయి బయటపడి, తరువాత భర్తను పిలిపింపవలసివచ్చుట గలదు. అట్టి ఇంటిలో ఆశా కార్యకర్తయు, నర్సమ్మయు మాటలాడు తీరుమీద ఒక కాపురము నిలుచుటయు కూలుటయు ఆధారపడి యుండును.

పుండ్లన్నియు సవాయివి కావు. మూడు నాలుగు దినములలోనే లేచి, మెత్తగా, చీముపట్టి, మిక్కిలి నొప్పిపెట్టు పుండును డుక్రే అను ఇటలీ వైద్యుడు కనుగొన్న క్రిమి కలిగించును. క్లమీడియా జాతిలోనే మరియొక తెగ, ఊరకనే మానిపోవు చిన్న పొక్కుతో మొదలై, తరువాత గజ్జలలో పెద్ద గడ్డలను లేపును; వానినే మనవారు అడ్డగర్రలందురు. దక్షిణదేశమున, అందును కోస్తా ఆంధ్రమున, ఒకప్పుడు విస్తారముగా నుండిన డోనొవనోసిస్ అను వ్యాధి ఎఱ్ఱని, సులభముగా నెత్తురుకారు, నొప్పిలేని పుండుగా నెలల తరబడి ప్రాకును. మద్రాసులో పనిచేసిన చార్లెస్ డోనొవన్ దాని క్రిమిదేహములను 1905లో వర్ణించినందున ఆ పేరు వచ్చినది. నేడది బాగుగా తగ్గినది. నీటిపొక్కులు గుంపుగా లేచి, పగిలి, మండి, మాని, మరల మరల వచ్చునది హెర్పిస్. అది వైరసు, దానికి ఈ వ్యాసములోని మందులేవియు పనికిరావు. జననాంగములపై ఏ పుండున్నను హెచ్.ఐ.వి. దూరుటకు తలుపు తెరచినట్లే గనుక, ఆ పరీక్షయు తప్పక చేయింపవలెను.

పూర్వుల చికిత్స తలచుకొన్న ఒళ్లు జలదరించును. 16వ శతాబ్దికి చెందిన భావమిశ్రుడు తన వైద్యగ్రంథము భావప్రకాశములో సవాయికి ఫిరంగరోగమని పేరుపెట్టి పాదరసముతో చేసిన రసకర్పూరమును చెప్పెను. ఐరోపాలోను పాదరసమే శరణ్యము. దంతములు ఊడినను, నోరు పుండైనను, రోగము పోయినదో లేదో తెలియక మనుష్యులు ఆ విషమును సేవించిరి. 1910లో పాల్ ఎర్లిక్, ఆయన సహచరుడు సహాచిరో హాతా కలిసి సిద్ధపరచిన సల్వర్సాన్ అను పాషాణపు మందు బయటికి వచ్చినది. మన తెలంగాణమునకు ఈ చరిత్రలో ఒక ముడి గలదు. 1897 ఆగస్టులో సికింద్రాబాదులో రోనాల్డ్ రాస్ దోమకడుపులో మలేరియా క్రిమిని చూచెను; అటుపిమ్మట ఇరువది ఏండ్లకు వియన్నాలో వాగ్నర్ యౌరెగ్, సవాయి మెదడునకెక్కి మతిచెడినవారికి బుద్ధిపూర్వకముగా మలేరియా జ్వరమును అంటించి, ఆ వేడిమికి క్రిములను చంపించెను. దానికి ఆయనకు 1927లో నోబెల్ బహుమానము వచ్చినది. వేరొక ప్రాణాంతకజ్వరమును తెచ్చిపెట్టుటయే మేలని తోచినదనిన, ఆనాటి రోగుల గతి ఊహించుకొనవచ్చును. 1943లో అమెరికా వైద్యుడు మహోనీ నలుగురు రోగులకు పెన్సిలిన్ ఇచ్చి సవాయిని మాన్పిన తరువాత ఆ యుగము ముగిసినది.

పెన్సిలిన్ పడనివారికి నేడు ఇచ్చు డాక్సీసైక్లిన్ వెనుక ఒక తెలుగువాని శ్రమ గలదని మనలో చాలమందికి తెలియదు. 1895లో భీమవరములో పుట్టి, మద్రాసు వైద్యకళాశాలలో చదివి, అమెరికాకు పోయిన యెల్లాప్రగడ సుబ్బారావు, లెడర్లీ ప్రయోగశాలల పరిశోధనాధ్యక్షుడుగా దేశదేశముల మట్టిని తెప్పించి పరీక్షింపజేయుచుండగా, ఆయన బృందములోని వృద్ధ వృక్షశాస్త్రజ్ఞుడు బెంజమిన్ డగ్గర్ మిస్సోరీ మట్టినుండి ఆరియోమైసిన్‌ను వెలికితీసెను. అది 1948లో లోకమునకు వెల్లడియైనది. ఆ సంవత్సరము ఆగస్టులోనే సుబ్బారావు కన్నుమూసెను. టెట్రాసైక్లిన్ వంశమునకు అదియే మొదటిది, డాక్సీసైక్లిన్ ఆ వంశములోని తరువాతి తరము. క్లమీడియాకు దినమునకు రెండుపూటల 100 మిల్లీగ్రాముల చొప్పున ఏడు దినములు, అడ్డగర్రలకు ఇరువదియొక్క దినములు దీనిని వాడుదురు.

సవాయికి మాత్రము బెంజథీన్ పెన్సిలినే నేటికిని మొదటి మందు. ఎనుబదియేండ్లైనను ఆ క్రిమి పెన్సిలిన్‌ను ఎదిరించుట నేర్వలేదు. సీసాలోని తెల్లని పొడిలో నర్సు శుద్ధజలము పోసి, బాగుగా కుదిపి, చిక్కని పాలవంటి ఆ ద్రవమును లావుపాటి సూదితో, ముందు పడునో పడదో పరీక్షించి, 24 లక్షల యూనిట్లను రెండు సగములుగా పిరుదులలో వేయును. నొప్పి గట్టిగనే యుండును. అరగంట సేపు అచటనే కూర్చుండవలెను. ఈ మందు కండలో నిలిచి, వారముల తరబడి సన్నగా నెత్తుటిలోనికి దిగుచుండును. ట్రెపొనీమా సుమారు ముప్పది గంటల కొకమారు మాత్రమే రెండుగా చీలు నిదానపు క్రిమి గనుక, అంతకాలము మందు కాచుకొనియుండుట అవసరము. తొలి దశలలో ఒక్క మోతాదు చాలును. ఏడాది దాటిన గుప్తావస్థలో వారమున కొకటి చొప్పున మూడు కావలెను. మెదడు, కన్ను, చెవి చెడినయెడల ఆసుపత్రిలో చేరి నరములోనికి ఎక్కించుకొనవలెను. ఇంజెక్షనైన నాడే చలి, జ్వరము, ఒళ్లునొప్పులు వచ్చుట గలదు. అది మందు పడక కాదు. క్రిములు గుంపుగా చచ్చుటవలన కలుగునది. ఒక్కదినములో తగ్గును. ఈ మాట ముందుగా చెప్పని కారణమున భయపడి మిగిలిన సూదులకు రాక పారిపోయినవారు గలరు గనుక ఇచట చెప్పుచున్నాను.

నెత్తుటిపరీక్షలు రెండు తెగలు. వి.డి.ఆర్.ఎల్., ఆర్.పి.ఆర్. అనునవి రోగపు ఉద్ధృతిని అంకెతో తెలుపును. 1:32 అని వచ్చినది చికిత్స తరువాత ఆరు మొదలు పన్నెండు నెలలలో 1:8కో అంతకు తక్కువకో దిగినయెడల మందు పనిచేసినదని అర్థము. మలేరియా, కుష్ఠము, కొన్ని కీళ్లవాతములున్నవారిలో సవాయి లేకున్నను ఇవి తప్పుగా పలుకుట గలదు. టి.పి.హెచ్.ఏ. క్రిమికి ప్రత్యేకమైన పరీక్ష. కాని ఒకసారి పాజిటివ్ అయిన పిమ్మట, రోగము సంపూర్ణముగా కుదిరినను, చాలమందిలో జీవితాంతము పాజిటివ్‌గానే నిలుచును. 2016లో మన దేశము విముక్తి పొందినట్లు ప్రపంచ ఆరోగ్య సంస్థ గుర్తించిన యాస్ అను చర్మరోగము చిన్ననాట వచ్చిన పెద్దవారిలోను ఇది పాజిటివ్‌గా నుండవచ్చును, వారికి సుఖవ్యాధితో సంబంధమే లేదు. గల్ఫు ‘మెడికల్’లో ‘అన్‌ఫిట్’ అయినవాడు ఏజెంటును గాక వైద్యుని అడుగవలసిన ప్రశ్న ఇదియే: తేలినది ఏ పరీక్ష, ఎంత అంకె? చికిత్స పొందినవాడు తాను పొందిన ఇంజెక్షనుల తేదీలతో వైద్యుని చీటిని, దిగివచ్చిన అంకెల కాగితములను దాచుకొనవలెను. పాస్‌పోర్టును దాచినంత జాగ్రత్తగా వానిని దాచుట మేలు.

ప్రభుత్వము 1992లో జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థను నెలకొల్పిన తరువాత, జిల్లా ఆసుపత్రులలోను, పెద్ద ఏరియా ఆసుపత్రులలోను ‘సురక్షా క్లినిక్’ అను పేరుతో సుఖవ్యాధుల చికిత్సా కేంద్రములు ఏర్పడినవి. పరీక్షల ఫలితములు రాకముందే లక్షణమునుబట్టి మందిచ్చి పంపుటకై రంగురంగుల పొట్లములు ఏర్పరచిరి. మూత్రనాళమునుండి చీము వచ్చువానికి బూడిదరంగు పొట్లము. అందు అజిత్రోమైసిన్ ఒక గ్రాము, సెఫిక్సిమ్ 400 మిల్లీగ్రాములు. హెర్పిస్ కాని పుండున్నవానికి తెల్లపొట్లము, అందు బెంజథీన్ పెన్సిలిన్, అజిత్రోమైసిన్. గజ్జల గడ్డలకు నల్లపొట్లము. చీటీలోని పేరు చదువలేనివాడును రంగునుబట్టి తన మందును గుర్తుపట్టగలడు. ఈ అంకెలు చూచి ఎవరును స్వయముగా మందు కొని మ్రింగరాదు. క్రిమిని బట్టి, పడనితనమును బట్టి, మారుచున్న ప్రతిఘటనను బట్టి వైద్యులు మందు మార్చుచుందురు.

భర్త ఒక్కడే మందు తిని భార్యకు ఇవ్వనియెడల, రోగము ఆమెనుండి మరల అతనికే వచ్చును. ఇద్దరును ఒకేసారి మందు తీసికొని, ఏడు దినములు దూరముగా నుండి, మూడునెలలకు మరల పరీక్ష చేయించుకొనవలెను. 1868లో తెల్లదొరలు చేసిన అంటురోగముల చట్టము క్రింద, పెద్ద నగరములలోను రేవుపట్టణములలోను స్త్రీలను బలవంతముగా ‘లాక్ ఆసుపత్రుల’లో పరీక్షించి నిర్బంధించిరేగాని, రోగమును మోసికొనివచ్చు సైనికుని ఎవరును తాకలేదు. స్త్రీలను ఎంత నిర్బంధించినను దండులో రోగము అణగలేదు; చివరకు 1888లో ఆ చట్టమునే రద్దుచేసిరి. భర్తకు రహస్యముగా మందిచ్చి పంపి భార్యను మరచిపోవు వైద్యుడు ఆ చట్టపు పొరపాటునే తిరిగి చేయుచున్నాడు. క్యూలో పదిమంది వినునట్లు “ఎక్కడికి పోయి వచ్చినవ్?” అని అడుగు వైద్యుడు మరియొక రోగిని మెడికల్ షాపునకు తరుముచున్నాడు. తలుపు మూసి, పేరును గోప్యముగా నుంచి, “మీ ఆవిడను కూడ తీసుకురండి, ఇద్దరికీ ఇదే మందు” అని మెల్లగా చెప్పినయెడల సగము చికిత్స అప్పుడే అయినట్లు.

పాఠకులారా, మూత్రములో మంటగాని, చీముగాని, నొప్పిలేని పుండుగాని, అరచేతులలో మచ్చలుగాని కనబడినయెడల, లేక అట్టి సంపర్కము జరిగి ఏ లక్షణమును లేకున్నను, కామారెడ్డియో మెదకో మీకు దగ్గరనున్న ప్రభుత్వ ఆసుపత్రికి ఆ వారమే పొండు. పుండు మానువరకు ఆగకుడు. సవాయికిని హెచ్.ఐ.వి.కిని ఒకే రోజు నెత్తురు ఇండు. మందు ముగియువరకు సంపర్కము మానుడు; తరువాత నిరోధ్ వాడుడు. ఇంటివారితో చెప్పుటకు మాట దొరకనప్పుడు, ఎచటికి పోవలెనో తెలియనప్పుడు, 1097 నంబరుకు ఫోను చేయుడు. డబ్బు పడదు, తెలుగులో మాటలాడుదురు, పేరు చెప్పనక్కరలేదు.